కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ముందు గోడ సాకెట్ దగ్గర మీటరు పెట్టండి

డెస్క్‌టాప్ ఆన్ కాకపోతే చాలామంది నోట ముందుగా వచ్చే మాట "ఎస్ఎంపీఎస్ పోయినట్టుంది" అని. ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన చిన్న వోల్టులుగా మార్చే పవర్ సప్లై డబ్బా. దాన్ని మార్చాక కూడా అదే పరిస్థితి అయితే "అయితే మదర్‌బోర్డే" అంటారు. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే బాగున్న సామానుకే డబ్బు పోతుంది, అసలు లోపం ఉన్నచోటే ఉంటుంది. కరెంటు ఏ దారిన వస్తోందో ఆ దారినే మనమూ నడిచి, ఒక్కో చోట కొలిచి చూసుకుంటే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. గోడ సాకెట్, యూపీఎస్, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు, ఇదీ వరుస. ఏదైనా కొనేది ఈ వరుస పూర్తయ్యాకే.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్ కావాలి. చవకరకమైనా పనికొస్తుంది, కానీ దాని వైర్ల తొడుగు ఎక్కడా చీలి ఉండకూడదు. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక పేపర్ క్లిప్పు, బాగా పనిచేస్తోందని తెలిసిన ఇంకో పవర్ కేబుల్ ఉంచుకోండి. మానిటర్‌కు వాడే కేబులే చాలాసార్లు కేబినెట్‌కూ సరిపోతుంది.

ఒక్క హెచ్చరిక ముందే చెప్పాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు దాని లోపల సుమారు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్నవాటిలో అది 380, 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసేసినా అది వెంటనే ఖాళీ అవ్వదు. డబ్బా బయట చేసే పరీక్షలు మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

గోడ దగ్గర

మీటరును ఏసీ 600 లేదా 750 వోల్టుల మీద పెట్టండి. డీసీ మీదో, ఆంపియర్ల మీదో ఉంచి సాకెట్‌లో పెట్టడం ప్రమాదం, కాబట్టి పెట్టేముందు డయల్ ఇంకోసారి చూసుకోండి. మూడు పిన్నుల సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. మూడు కొలతలు తీసుకోవాలి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూఇటూ ఉండాలి. 210 నుంచి 245 దాకా ఉన్నా కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నా నుంచి రెండు మూడు వోల్టులు రావాలి.

ఫేజ్, ఎర్త్ మధ్య 230 బదులు 60, 90 అని ఊగుతూ ఉంటే ఆ సాకెట్‌కు ఎర్త్ వైరు రాలేదన్నమాట. న్యూట్రల్, ఎర్త్ మధ్య పదీ పదిహేను వోల్టులు వస్తుంటే న్యూట్రల్ జాయింటు ఎక్కడో లూజుగా ఉండొచ్చు, లేదా ఎర్తింగే బలహీనమై ఉండొచ్చు. ఫేజ్, న్యూట్రల్ రంధ్రాలు తారుమారైనా కంప్యూటర్ నడుస్తుంది. కాకపోతే కేబినెట్ వెనక ఉన్న చిన్న స్విచ్చు, గోడ స్విచ్చు న్యూట్రల్‌ను కట్ చేసే అవకాశం ఉంది, అప్పుడు ఫేజ్ లోపలే ఉండిపోతుంది. దాన్ని సరిచేయించుకోవాలి.

ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపించిన సాకెట్ లోడు పడగానే కుంగిపోవచ్చు. అదే బోర్డు మీద పక్క సాకెట్‌లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి, ఇటు మీటరు చూడండి. రీడింగ్ నాలుగైదు వోల్టులు తగ్గితే మామూలే. ఒక్కసారిగా 15, 20 వోల్టులు పడిపోతే బోర్డు లోపల స్క్రూ వదులుగా ఉందనో, వైరు సన్నదనో అర్థం. ఫ్రిజ్ మొదలైనప్పుడో, మోటారు వేసినప్పుడో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే నేను ముందు అనుమానించేది ఈ జాయింట్లనే. సాకెట్ మీద గోధుమరంగు మరక, కాలిన వాసన, ప్లగ్గు పిన్ను వేడెక్కడం కనబడితే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ మార్పించండి.

కొన్ని బల్బులు మరీ ఎక్కువగా వెలుగుతూ, మరికొన్ని డిమ్ముగా ఉంటే అది కంప్యూటర్ సమస్య కాదు. స్తంభం దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, ఇంటి మెయిన్‌లోనో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ ఇంటికి 400 వోల్టుల దాకా వచ్చే అవకాశం ఉంది. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు. లైన్‌మన్ వచ్చి చూసేదాకా మెయిన్ వేయొద్దు.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా?

మన ఇళ్లలో చాలా మామూలుగా తీసుకునే సమస్య ఇది. "కొంచెం షాక్ కొడుతుంది, చెప్పులేసుకుని కూర్చో" అని సర్దుకుపోతుంటారు. అలా వదిలేయకూడని విషయం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఎస్ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చేచోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి డబ్బాకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి డబ్బాకు. రేడియో గోలను ఎర్త్‌లోకి పంపించేయడం వాటి పని. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి వెళ్లిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే రెండు కెపాసిటర్ల మధ్య వేలాడుతున్న కేబినెట్ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలుస్తుంది. ప్రవహించే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్‌కు అటూఇటూ కాబట్టి జిల్లుమంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. అది చూసి "కేబినెట్‌లో షార్ట్ ఉంది" అని ఎస్ఎంపీఎస్ మార్చేస్తారు. కొత్తదానిలోనూ అవే కెపాసిటర్లు ఉంటాయి, మళ్లీ అదే జిల్లు.

ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఎర్త్ లేకుండా కేబినెట్, మానిటర్, ప్రింటర్ అన్నీ దాని మీదే ఉంటే ఆ చిన్న కరెంట్లన్నీ కలిసిపోతాయి. ఇంతకంటే నష్టం కలిగించేది ఇంకోటుంది. ఇలా ఎర్త్ లేకుండా తేలుతున్న కంప్యూటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీని తగిలించినప్పుడు, ఆ టీవీకి కేబుల్ వైరు ద్వారానో డిష్ వైరు ద్వారానో ఎర్త్ ఉంటే, తగిలించే క్షణంలో చిన్న స్పార్క్ వస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు పోవడానికి అది చాలు.

దీనికి మందు ఎర్తింగే. ముందు మీ కేబుల్‌లోని మూడో పిన్ను, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోని ఎర్త్ వైరు తెగలేదని చూసుకోండి. మీటరును కంటిన్యూటీ మీద పెట్టి, కేబుల్ పెద్ద పిన్నుకూ అవతలి చివర మధ్య రంధ్రానికీ తాకిస్తే బీప్ రావాలి. ఇది కేబుల్‌ను సాకెట్ నుంచి పూర్తిగా తీసేశాకే చేయాలి. కేబుల్ బాగుంటే ఇంటి ఎర్త్ పిట్ సంగతి చూడాలి. ఎండాకాలంలో నేల ఎండిపోతే పిట్ పనితనం తగ్గుతుంది, బక్కెట్టు నీళ్లు పోస్తే చాలాచోట్ల తేడా కనిపిస్తుంది. పైపు దగ్గర వైరు తుప్పు పట్టి ఊడిపోయి ఉండటమూ మామూలే. మీటరు 230 చూపించినంత మాత్రాన ఎర్త్ బలంగా ఉందని చెప్పలేం, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే తీసుకోదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాతరకం బల్బు వెలిగించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పూర్తి వెలుగు వస్తే ఎర్త్ మంచిది. ఈ బల్బు పరీక్ష మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే ఆ బల్బు పెట్టగానే ట్రిప్ అవుతుంది, అది దాని ధర్మం.

ఎర్త్ లేదని సాకెట్‌లోనే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న వైరుముక్క కలిపేసే పద్ధతి కొందరికి ఉంది. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున కేబినెట్ మీదకు నేరుగా 230 వోల్టులు వచ్చేస్తుంది.

యూపీఎస్, ఇన్వర్టర్

ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ నిజంగా మోసేది 360 వాట్లు. లోపల 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. అంటే కాగితం మీద 84 వాట్ అవర్లు. అంత పెద్ద కరెంటు ఒక్కసారిగా లాగితే ఈ చిన్న బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు, పైగా మార్పిడిలో కొంత పోతుంది. కాబట్టి కొత్తప్పుడు 120 వాట్ల లోడుకు పది పదిహేను నిమిషాలు వస్తే బాగా వచ్చినట్టే. గేమింగ్ కార్డు ఉన్న కంప్యూటర్‌ను ఈ యూపీఎస్ మీద పెట్టడం సరికాదు. లేజర్ ప్రింటర్‌నైతే ఏ చిన్న యూపీఎస్ మీదా పెట్టొద్దు. అది ఫ్యూజర్‌ను, అంటే టోనర్‌ను కాగితానికి అంటించే రోలర్‌ను, వేడి చేసుకునేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లలో అలిసిపోతుంది. వేడిగా ఉండే గదిలో ఇంకా ముందే. రాత్రంతా చార్జింగ్ అయ్యాక యూపీఎస్‌ను ఆపి, ప్లగ్గు తీసేసి, రెండు మూడు గంటలు ఆగి బ్యాటరీ మీద డీసీ కొలవండి. 12.6 పైన ఉంటే చార్జ్ నిలిచింది. 12 కంటే తక్కువ ఉంటే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఇంకో పరీక్ష కూడా చేయాలి: యూపీఎస్‌కు కంప్యూటర్ బదులు ఒక టేబుల్ ఫ్యానో, 60 వాట్ల బల్బో తగిలించి, గోడ స్విచ్చు ఆపి, నిమిషాలు లెక్కపెట్టండి. 12.6 చూపించిన బ్యాటరీ కూడా లోడు పడగానే 10.5 దిగువకు జారి యూపీఎస్ ఆగిపోతే అది పనికిరాదు. కొత్తది కొనేటప్పుడు అదే 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్, 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు ఉన్న ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని, మూసి ఉండే) బ్యాటరీ ఏ కంపెనీదైనా పడుతుంది. ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు. పాత బ్యాటరీ సీసం, యాసిడ్ కాబట్టి చెత్తలో వేయకుండా దుకాణంలోనే ఇచ్చేయండి.

బ్యాటరీ బాగుంది, టేబుల్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, కానీ కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతోంది. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు.

మొదటిది ఎస్ఎంపీఎస్ వయసు. కరెంటు పోయాక కూడా ఎస్ఎంపీఎస్ తన పెద్ద కెపాసిటర్‌లోని నిల్వతో సుమారు 16 మిల్లీ సెకన్లు నడవగలగాలి. మన 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక ఆవర్తనం 20 మిల్లీ సెకన్లు అనుకుంటే ఇది ఎంత తక్కువ సమయమో తెలుస్తుంది. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. కెపాసిటర్ ఎండిపోయి దాని నిల్వ 6, 7 మిల్లీ సెకన్లకు పడిపోతే ఆ ఖాళీ దాటలేదు. యూపీఎస్‌ది తప్పనుకుని దాన్ని మార్చడం ఇక్కడే జరుగుతుంది.

రెండోది తరంగం రూపం. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లకు అది పడదు, ఆగిపోతాయి. అప్పుడు గోడ కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ తీసుకోవాలి.

మూడోది ఇంటి ఇన్వర్టర్ మీద నేరుగా కంప్యూటర్ పెట్టినవారికి సంబంధించింది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్చు ఉంటుంది. నార్మల్‌లో ఉంటే అది మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, కంప్యూటర్ అంతసేపు నిలవలేక ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి. కాకపోతే ఆ మోడ్‌లో వోల్టేజి సుమారు 180 కంటే తగ్గితే ఇన్వర్టర్ బ్యాటరీలోకి వెళ్లిపోతుంది. సాయంత్రం పూట లో వోల్టేజి ఉండే ఊళ్లలో బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంటుంది, అది తెలిసే మార్చుకోవాలి.

స్టెబిలైజర్ గురించి కూడా అడుగుతుంటారు. ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదని నా అభిప్రాయం. దాని లోపలి రిలే టక్కుమని మారినప్పుడల్లా కరెంటు క్షణకాలం తెగుతుంది, అదే కొత్త రీస్టార్ట్‌కు కారణం కావచ్చు.

ఎస్ఎంపీఎస్: నాలుగు వైర్లు చెప్పే సంగతి

ఇప్పుడు కేబినెట్ పక్క మూత తీయండి. ముందు సులువైనవి: ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్చు గీత వైపు నొక్కి ఉందా, సున్నా వైపు ఉందా చూడండి. పాత వాటిలో ఎర్రటి 115/230 స్విచ్చు ఉంటుంది, అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే పెద్ద శబ్దంతో పోతుంది. గోడ స్విచ్చు ఆపి, 30 సెకన్లు ఆగి మళ్లీ వేయండి. షార్ట్ వచ్చినప్పుడు ఎస్ఎంపీఎస్ తనను తాను తాళం వేసుకుంటుంది, కరెంటు పూర్తిగా తీస్తేనే ఆ తాళం విడుతుంది. ఇలా చేశాక ఒకసారి ఆన్ అయి మళ్లీ ఆగిపోతుంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, వెతకాలి.

మదర్‌బోర్డులోకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఊడదీయకుండానే, వెనకవైపు వైరు పక్కనుంచి మీటరు సూదిని లోహం తగిలేదాకా దూర్చండి. మీటరు డీసీ 20 వోల్టుల మీద ఉండాలి. నల్ల సూది ఏదైనా నల్ల వైరు దగ్గర పెట్టండి.

ఊదా వైరు: కంప్యూటర్ ఆపి ఉన్నా, గోడ స్విచ్చు వేసి ఉన్నంతసేపూ 5 వోల్టులు రావాలి. 4.75 నుంచి 5.25 దాకా సరే. ఇది లేకపోతే పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు, ఎందుకంటే బటన్ నొక్కిన సంగతి గమనించే చిప్పు బతికేది ఈ 5 వోల్టుల మీదే. సాకెట్‌లో 230 ఉండి, కేబుల్ మార్చి చూసినా ఊదా మీద సున్నా వస్తుంటే, 24 పిన్నుల కనెక్టర్‌తో పాటు మిగతావన్నీ ఊడదీసి విడిగా ఉన్న కనెక్టర్‌లో మళ్లీ కొలవండి. అప్పుడూ సున్నా అయితే ఎస్ఎంపీఎస్ పోయింది. విడిగా 5 వచ్చి బోర్డుకు తగిలించగానే పడిపోతుంటే షార్ట్ బోర్డు వైపు ఉంది.

ఆకుపచ్చ వైరు: ఆపి ఉన్నప్పుడు 3 నుంచి 5 వోల్టుల మధ్య ఉంటుంది. బటన్ నొక్కగానే సున్నాకు పడిపోవాలి. ఇది చాలా విలువైన పరీక్ష. బటన్ నొక్కినా ఆకుపచ్చ వైరు కదలకపోతే ఎస్ఎంపీఎస్‌కు ఆన్ అవమన్న కబురే అందలేదు. తప్పు బటన్‌దో బోర్డుదో. బోర్డు కింది మూలన కేబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నని వైర్లలో పవర్ స్విచ్చు అని రాసున్న రెండు పిన్నుల ముక్క తీసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. ఆన్ అయితే బటనే పాడైంది. రీసెట్ బటన్ వైరును అక్కడ తగిలించి పని నడుపుకోవచ్చు. ఆకుపచ్చ సున్నాకు పడినా ఫ్యాన్లు తిరగకపోతే ఎస్ఎంపీఎస్ అయినా పోయింది, లేదా ఎక్కడో షార్ట్ చూసి ఆగిపోతోంది.

పసుపు వైరు: నడుస్తున్నప్పుడు 12 వోల్టులు, అంటే 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి. ఎరుపు మీద 5, నారింజ మీద 3.3; దీనికి 3.14 నుంచి 3.47 హద్దు.

బూడిద వైరు: ఆన్ చేశాక సెకనులో సగం లోపు 5 వోల్టులకు రావాలి. "నా వోల్టేజులన్నీ కుదురుకున్నాయి, మొదలుపెట్టు" అని ఎస్ఎంపీఎస్ మదర్‌బోర్డుకు చెప్పే మాట ఇది. ఫ్యాన్లు తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోతే చాలామంది ర్యామ్ మీద పడతారు. బూడిద వైరు సున్నా దగ్గరే ఉందంటే ప్రాసెసర్ ఇంకా రీసెట్‌లోనే ఉన్నట్టు, ర్యామ్ ఎంత తుడిచినా లాభం లేదు.

ఎస్ఎంపీఎస్‌ను విడిగా నడిపి చూడాలంటే: గోడ ప్లగ్గు తీసి, బోర్డు, హార్డ్‌డిస్క్, గ్రాఫిక్స్ కార్డు అన్నిటి కనెక్టర్లూ ఊడదీయండి. పేపర్ క్లిప్పును వంచి 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చకూ పక్కనున్న నల్లదానికీ కలపండి. లోడు లేకపోతే కొన్ని పాతవి మొదలవవు కాబట్టి ఒక పాత కేబినెట్ ఫ్యానో హార్డ్‌డిస్కో తగిలించండి. ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయండి. కొత్తరకం ఎస్ఎంపీఎస్‌లలో లోడు తక్కువైతే లోపలి ఫ్యాన్ తిరగదు, కాబట్టి ఫ్యాన్ చూసి తీర్పు చెప్పకుండా పసుపు వైరు కొలవండి. వైర్లన్నీ నల్లగానే ఉన్న ఎస్ఎంపీఎస్ అయితే ఊహించి గుచ్చొద్దు, దాని మాన్యువల్‌లోని బొమ్మ చూసి 16వ పిన్ను గుర్తించండి. ఈ పరీక్షలో 12 వోల్టులు వచ్చినంత మాత్రాన ఎస్ఎంపీఎస్ పూర్తిగా బాగున్నట్టు కాదు. పూర్తిగా పోలేదని మాత్రమే తెలుస్తుంది. లోడు మీద కుంగేది ఇందులో దొరకదు.

విడిగా బాగా నడిచి కేబినెట్‌లో మాత్రం అర సెకను తిరిగి ఆగిపోతుంటే షార్ట్ కోసం వెతకండి. ముందు యూఎస్‌బీవి అన్నీ తీసేయండి, కేబినెట్ ముందు పోర్టుల వైరు కూడా. ముందు పోర్టులో లోపలి నాలుక వంగి పిన్నులు ఒకదానికొకటి తగలడం తరచూ కనిపించేదే. తర్వాత హార్డ్‌డిస్క్‌లు, గ్రాఫిక్స్ కార్డు. మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి సాటా (ఇప్పటి హార్డ్‌డిస్క్‌ల కనెక్టర్)కు మార్చే అచ్చుపోసిన ప్లాస్టిక్ కన్వర్టర్ ఉంటే దాన్ని శాశ్వతంగా తీసేయండి, అవి లోపల కరిగి అంటుకుంటాయి. బోర్డు కింద ఇత్తడి స్టాండులు స్క్రూ రంధ్రాల కింద కాక వేరేచోట ఉన్నాయేమో, ఊడిన స్క్రూ ఏదైనా ఇరుక్కుందేమో చూడండి. మన ఇళ్లలో ఇంకొక కారణం బల్లులు. కేబినెట్ వెనక కార్డు స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే వెచ్చదనానికి లోపల చేరతాయి, బోర్డు మీదో ఎస్ఎంపీఎస్‌లోనో రెండు చోట్ల ఒకేసారి తగిలి చచ్చిపోతాయి. ఆ ఖాళీలను రేకులతో మూసేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్ల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

పని మధ్యలో రీస్టార్ట్ అవుతుంటే

ఇది వేడి వల్లనా, కరెంటు వల్లనా, సాఫ్ట్‌వేర్ వల్లనా అని ముందు తేల్చుకోవాలి. విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగుర్తుతో ఉంటుంది. అది కనబడగానే ఎస్ఎంపీఎస్ పోయిందని నిర్ణయానికి రావద్దు. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మళ్లీ ఆన్ అయినప్పుడు విండోస్ రాసుకున్న మాట అది, అంతే. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అనే వరుస ఉంటుంది. అక్కడ సున్నా కాకుండా అంకె ఉంటే బ్లూస్క్రీన్ వచ్చినట్టు, డ్రైవరో ర్యామో చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి లేకుండానే ఆగిందన్నమాట. అంటే కరెంటు, వేడి, లేదా గట్టిగా బిగుసుకుపోతే మీరే బటన్ పట్టి ఆపడం.

వేడి అయితే పదీ ఇరవై నిమిషాల పని తర్వాత వస్తుంది, ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల దగ్గరుంటుంది, వెంటనే ఆన్ చేస్తే మళ్లీ త్వరగా ఆగుతుంది. హీట్‌సింక్ దుమ్ము తీసి, థర్మల్ పేస్టు కొత్తగా రాయాలి. కరెంటు అయితే గేమ్‌లో బొమ్మ భారమైన క్షణాన చటుక్కున పోతుంది, ఉష్ణోగ్రత 65 ఉన్నా సరే.

అప్పుడు ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవండి. పైన పెద్దగా రాసిన వాట్లు కాదు, 12 వోల్టుల కింద రాసిన ఆంపియర్లు చూడండి. "450" అని రాసున్న డబ్బా మీద 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు ఉంటే, 12 పదహార్లు 192. నిజంగా పనికొచ్చేది ఆ 192 వాట్లే, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది 12 వోల్టులనే. ఉదాహరణకు కోర్ ఐ5 12400 ప్రాసెసర్ పూర్తి వేగంలో 117 వాట్ల దాకా, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటాయి. ఫ్యాన్లు, బోర్డు, డిస్కులకు 50, 60 వేసుకుంటే 350 దగ్గరకు వస్తుంది. కార్డు క్షణకాలం అంతకు మించి లాగుతుంది కాబట్టి ఈ కార్డుకు ఎన్‌విడియా 550 వాట్లు చెబుతుంది. రెండు 12 వోల్టుల లైన్లు విడిగా రాసి ఉంటే వాటిని కూడేయకండి, కలిపి ఎన్ని వాట్లో పక్కనే రాసి ఉంటుంది, అది చూడండి. గ్రాఫిక్స్ కార్డుకు స్లాట్ నుంచి 75, ఆరు పిన్నుల కేబుల్ నుంచి 75, ఎనిమిది పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు లెక్క. రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లు ఉన్న కార్డుకు ఒకే కేబుల్ రెండు తలలు కాకుండా, రెండు వేర్వేరు కేబుళ్లు తగిలించండి.

పొద్దున ఆన్ కావడానికి ఐదారుసార్లు నొక్కాల్సి వచ్చి, ఒకసారి వేడెక్కాక రోజంతా బాగా నడిచే కంప్యూటర్‌ది ఎండిపోయిన కెపాసిటర్ల సమస్య. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తల ఉబ్బిందేమో, గోధుమరంగు ద్రవం కారిందేమో చూడండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. మే నెలలో గదే 40 డిగ్రీలు ఉన్న ఊళ్లలో కేబినెట్‌ను గోడకు ఆనించి, టేబుల్ అరలో మూసి పెట్టకూడదనేది అందుకే.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర రాదు

ప్రాసెసర్ పక్కన నాలుగు లేదా ఎనిమిది పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ ఒకటి విడిగా ఉంటుంది, అది పెట్టడం మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ ప్రాసెసర్‌కు కరెంటు ఉండదు. ర్యామ్ ఒక్కటే ఉంచి, ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా బోర్డుకు పెట్టారేమో చూసుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే బోర్డు పోర్టులోంచి బొమ్మ రానే రాదు, కార్డు తప్పనిసరి.

తేదీ, సమయం ప్రతిసారీ మారిపోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ కొలవండి, 2.8 కంటే తగ్గితే మార్చండి. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అవుతుంటే అది లోపం కాదు, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఏసీ పవర్ లాస్ అనే సెట్టింగ్‌ను ఆఫ్ చేయాలి.

కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టేటప్పుడు

కేబుళ్లు ఊడివచ్చే మాడ్యులర్ రకం అయితే పాత ఎస్ఎంపీఎస్ కేబుళ్లు ఒక్కటి కూడా ఉంచొద్దు. హార్డ్‌డిస్క్ వైపు ఆకారం ఒకటే అయినా ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకొక రకంగా, ఒకే కంపెనీలో మోడల్‌కొక రకంగా ఉంటుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే డిస్క్ ఆ క్షణమే పోతుంది, అందులోని ఫొటోలతో సహా. పాత కేబుల్ బిగించే ఉంది కదా అని అలాగే వదిలేసి కొత్త డబ్బా మాత్రం మార్చడమే ఈ నష్టానికి అసలు దారి.

బిగించాక గేమో, వీడియో ఎక్స్‌పోర్టో, బాగా భారమైన పని ఒకటి అరగంట నడిపి, నడుస్తుండగానే పసుపు వైరు కొలవండి. ఆ అంకెను తేదీతో సహా చిన్న చీటీ మీద రాసి కేబినెట్ లోపల అంటించండి. ఈరోజు 12.1 ఉన్నది రెండేళ్ల తర్వాత అదే పనిలో 11.5కు వచ్చిందంటే, రీస్టార్టులు మొదలవకముందే మీకు తెలుస్తుంది.